గంజి బాకీ

పోయిన ఏడాది నవంబరులో అమ్మ చనిపోయింది. అందుకని ఆ డిసెంబరులో ప్రొద్దుటూరులోని మా ఇంటికి నక్షత్రం కట్టలేదు. "ఈసారి పండగ వద్దులే" అన్నాను పిల్లలతో. పెద్దమ్మాయి ఊరుకుంది. చిన్నోడు మాత్రం "మరి జమ్మలమడుగుకు డబ్బాలు ఎవరు తీసుకుపోతారు?" అని అడిగాడు. నేనేమీ చెప్పలేకపోయాను.

అమ్మ పుట్టిల్లు పులివెందుల దగ్గర ఒక పల్లె. ఏటా క్రిస్మస్ ముందు రోజు ఒక డబ్బా నిండా నిప్పట్లు, కజ్జికాయలు, ఇంకో డబ్బాలో పాత నూలు చీరలు ఉతికి చింపిన పొత్తిగుడ్డలు సర్దుకుని జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి బస్సెక్కేది. బాలింతలకు పంచి, పసిబిడ్డలను చూసి వచ్చేసేది. ఎందుకని అడిగితే "బాకీ ఉంది" అనేది. అంతే.

ఆ బాకీ ఏంటో నాకు చాన్నాళ్లు అర్థం కాలేదు. ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి నన్ను "గంజికి మతం మారినోళ్లు" అంది. ఏడుస్తూ ఇంటికొచ్చాను. అమ్మ బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తకుండా "గంజి తాగినాం. అబద్ధం కాదు గదా" అంది. ఆ అమ్మాయి మీదకంటే అమ్మ మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

అమ్మ పోయాక ఆ మాట మళ్లీ మళ్లీ గుర్తొచ్చి, మన జిల్లా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. అప్పటికి ధాతు కరువు రావడానికి యాభై ఏళ్లు పైనే ఉంది. కాబట్టి అందరూ గంజి కోసమే వచ్చారంటే కుదరదు. అయితే మా ముత్తాత తండ్రి మాత్రం కరువులోనే వచ్చాడట. ఆ సంగతి అమ్మ ఎన్నడూ దాచలేదు.

1876 నుంచి 1878 దాకా ఆ కరువు కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. సర్కారు కరువు పనులు పెట్టింది. ఖర్చు తగ్గించాలని 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలిని కుదించాడు. పొద్దంతా చాకిరీ చేసిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను ఎంతో తెలియక వంటింట్లో తూచి చూశాను. అరకిలో కూడా రాలేదు. ఆ గిన్నె ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఊరి బావిలో నీళ్లు కూడా తోడుకోనివ్వని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరో గంజి పోస్తే, అతను వాళ్ల దేవుణ్ణి నమ్మాడు. ఇందులో సిగ్గుపడాల్సింది అతనైతే కాదు.

ఇంకో బాకీ అవ్వది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జమ్మలమడుగుకు వచ్చిన మిషనరీ డాక్టరు క్యాంబెల్ పేరుమీదే ఆ ఆసుపత్రి ఉంది. అవ్వకు ఇంటి దగ్గర జరిగిన రెండు కాన్పుల్లోనూ బిడ్డలు దక్కలేదు. మూడోసారి తాత బండి కట్టి, ముద్దనూరు మీదుగా పెన్న దాటించి ఆసుపత్రికి తీసుకుపోయాడు. అమ్మ అక్కడే పుట్టింది. అంతకు మూడేళ్ల ముందు, 1949 జూలై 8న, వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు పుట్టిందీ ఆ ఆసుపత్రిలోనే. డాక్టరు చదివాక ఆయన కొన్నాళ్లు అక్కడే పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరుమీద డెబ్బై పడకల ఆసుపత్రి పెట్టారు. ఊళ్లో ఒక బావి నీళ్లు తాగని రెండు ఇళ్ల బిడ్డలు ఒకే కప్పు కింద కళ్లు తెరిచారని అవ్వ గొప్పగా చెప్పుకునేది.

మనం ఆడవాళ్లం కాబట్టి ఇది మనకే బాగా తెలుస్తుంది. క్రిస్మస్ కథ అసలు ఒక కాన్పు కథ. నిండు చూలాలికి సత్రంలో చోటు దొరకలేదు. పుట్టిన బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. చిన్నప్పటి నుంచి గుడిలో ప్రతి ఏడూ ఈ కథ వింటూనే ఉన్నాను. అమ్మ డబ్బాలో ఆ గుడ్డలే ఎందుకు పెట్టేదో మాత్రం ఆమె పోయాకే తట్టింది.

డిసెంబరు 23 రాత్రి పొయ్యి వెలిగించాను. పెద్దమ్మాయి పిండి కలిపింది. పొత్తిగుడ్డలకు అమ్మ నూలు చీరలే తీశాను. చింపేటప్పుడు చేతులు వణికాయి. మర్నాడు చిన్నోణ్ణి వెంటబెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. ఆసుపత్రిలో ఒక బాలింత తల్లి "మీరు ఏ సంఘం తరపున వచ్చినారమ్మా?" అని అడిగింది.

"సంఘం కాదక్కా. ఇక్కడ పుట్టినామె కూతుర్ని" అన్నాను.

ఆమె వెంటనే బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

ఇంటికొచ్చాక నక్షత్రం కట్టాం. ఏడుపు రాలేదని చెప్పను, వచ్చింది. కానీ పండగ కూడా వచ్చింది.

మీ ఇంట్లోనూ ఏదో ఒక తరంలో ఎవరో పెట్టిన ముద్ద, ఎవరో ఇచ్చిన చోటు ఉండే ఉంటుంది. ఏ పండగైనా సరే, ఆ రోజు దాని సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి.