సౌతాల్ అన్నదమ్ముల ఆవం

లండన్ పడమటి వైపు ఉండే తెలుగువాళ్లం కందిపప్పుకో కరివేపాకుకో సౌతాల్ వెళ్తూనే ఉంటాం. అక్కడి హావ్‌లాక్ రోడ్డులో 2003లో తెరిచిన గురుద్వారా బంగారు గుమ్మటం అందరికీ తెలుసు. అదే రోడ్డులో, కాలువ ఒడ్డున, ఒకప్పుడు నలుగురు అన్నదమ్ములు కుండలు చేసి కాల్చేవారని మాత్రం చాలామందికి తెలియదు. మాది కుమ్మరి ఇల్లు. ఆవం అంటించిన రోజు మా నాన్నకు ముద్ద దిగేది కాదు. అందుకేనేమో, ఈ మార్టిన్ అన్నదమ్ముల చరిత్ర తెలుసుకున్న కొద్దీ వాళ్లు నాకు బాగా దగ్గరివాళ్లయ్యారు.

పెద్దవాడు రాబర్ట్ వాలెస్ మార్టిన్ 1843లో పుట్టాడు. మొదట రాతి శిల్పి. అప్పట్లో కడుతున్న పార్లమెంటు భవనానికి శిల్పాలు చెక్కిన పనివాళ్లలో అతనూ ఒకడు. లాంబెత్ ఆర్ట్ స్కూల్లో చదువుకున్నాక మనసు మట్టి మీదకు మళ్లింది. 1873లో ఫుల్హమ్‌లో సొంతంగా పని మొదలుపెట్టాడు కానీ సొంత ఆవం లేదు. చేసిన సరుకును వేరేవాళ్ల ఆవాల్లో కాల్పించుకోవలసి వచ్చేది. మంట ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు ఆపాలో తన చేతిలో లేనప్పుడు కుమ్మరికి తన కుండ మీద సగం హక్కే ఉంటుంది. 1877లో సౌతాల్‌లో మూతపడ్డ సబ్బుల కార్ఖానా ఒకటి దొరకడంతో కుటుంబమంతా అక్కడికి చేరింది.

నలుగురూ పని పంచుకున్నారు. బొమ్మలు మలచడం వాలెస్ వంతు. వాల్టర్ సారె మీద కూర్చునేవాడు. మట్టి కలపడం, రంగులు తయారుచేయడం, ఆవం కాల్చడం కూడా అతనే చూసేవాడు. ఎడ్విన్ పచ్చి కుండల మీద చేపలు, పువ్వులు, సముద్రపు జీవాలు గీసేవాడు. చార్లెస్ లండన్ నడిబొడ్డున, హోబర్న్ దగ్గరి బ్రౌన్లో స్ట్రీట్‌లో దుకాణం నడిపేవాడు. అదే కాలంలో స్టాఫర్డ్‌షైర్‌లోని పెద్ద ఫ్యాక్టరీల్లో ఒక్క కప్పు ఎన్నో చేతులు మారి బయటికొచ్చేది. దాన్ని చేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలిసేవి కావు. మార్టిన్ల దగ్గర మట్టి ముద్ద నుంచి అమ్మకం దాకా అంతా ఇంటివాళ్ల చేతుల మీదుగానే జరిగింది.

వాళ్లు పట్టుకున్న పద్ధతి ఉప్పు మెరుగు. ఆవంలో వేడి 1200 డిగ్రీలు దాటాక మంటలోకి ఉప్పు చల్లుతారు. ఉప్పు ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి, కుండ ఒంటి మీద సన్నటి గుంటలున్న గాజుపొరగా గట్టిపడుతుంది. ఏ కుండకు ఎంత ఆవిరి తగులుతుందో, ఏ రంగు ఎలా తేలుతుందో తలుపు తీసేదాకా తెలియదు. గోధుమ, బూడిద, నీలం, మసక పచ్చ రంగులు తేలేవి. ఆవం ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు కాల్చేవారు. ఒక్క కాల్పు చెడితే నెలల తరబడి చేసిన పని మట్టిపాలే. అంత కళ ఉన్న ఇంట్లో డబ్బు ఎందుకు నిలవలేదంటే, నాకు ముందు కనిపించే కారణం ఇదే.

వాళ్లకు పేరు తెచ్చింది వాలెస్ చేసిన పక్షులు. ఇవి మూత తలలున్న పొగాకు జాడీలు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మార్టిన్ల పనితనం దగ్గరగా చూడవచ్చు. ఈ పక్షుల్లో లావు ముక్కు, సగం మూసిన కళ్లు, పక్కకు వాలిన చూపుతో ఒకటుంటే, అది క్లయింటు చెప్పే అబద్ధాన్ని ఓపిగ్గా వింటున్న ప్లీడరులా కనిపిస్తుంది. రెక్కలో ఒక్కో ఈకనూ పచ్చి మట్టిలో విడిగా గీశారు. చాలా పక్షులకు తల అంచునా అడుగునా రెండుచోట్లా సంతకం ఉంటుంది. ‘ఆర్.డబ్ల్యు. మార్టిన్ అండ్ బ్రదర్స్, లండన్ అండ్ సౌతాల్’ అని, కింద నెల, సంవత్సరం. అచ్చు ముద్ర కాదది, మొనతో గీసిన చేతిరాత. ఇవాళ వేలంపాటల్లో ఒక్కో పక్షి వేల పౌండ్లకు పోతోంది.

చార్లెస్‌కు ఆ వస్తువుల మీద ఎంత మమకారమంటే, మంచివాటిని కొనేవాళ్లకు చూపించకుండా నేల చెక్కల కింద దాచేవాడని చెబుతారు. 1903లో ఆ దుకాణం తగలబడింది. చార్లెస్ ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. 1910లో మానసిక చికిత్సాలయంలో కన్నుమూశాడు. 1912లో వాల్టర్ పోయాడు. సారె మీది చెయ్యి, రంగుల పాళ్లు, ఆవం గుట్టు అన్నీ ఎక్కువగా అతని దగ్గరే ఉన్నాయి. 1914కల్లా పని ఆగిపోయింది. 1915లో ఎడ్విన్ కూడా వెళ్లిపోయాడు. పెద్దవాడు వాలెస్ తమ్ముళ్లందరినీ పోగొట్టుకొని 1923 దాకా బతికాడు.

ఈ చరిత్రను నేను ఓటమిగా చదవను. చేసినవాడే కాల్చాలి, చేసినవాడే పేరు రాసుకోవాలి అన్న దారిని ఇంగ్లండ్‌లో ముందుగా తొక్కినవాళ్లలో వీళ్లున్నారు. ఆ తర్వాత అదే దారిలో, 1920లో సెయింట్ ఐవ్స్‌లో కుమ్మరి బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి వచ్చిన షోజి హమదాతో కలిసి ఆవం కట్టాడు. లీచ్ దగ్గర శిష్యులు చేరారు, వాళ్ల దగ్గర మరికొందరు నేర్చుకున్నారు. పని కుటుంబం దాటి బయటికి నడిచింది. మార్టిన్ల విద్య మాత్రం ఇంటి గడప దాటలేదు. మా ఊళ్లోనూ నేను చూసింది ఇదే. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే అందే పనిని ఒక్క తరం వదిలేసినా చాలు, ఆ పని ఊళ్లోంచే పోతుంది. రక్తసంబంధం పనికి ప్రాణం పోయగలదు కానీ, దాన్ని బతికించేది నేర్చుకోవాలని వచ్చిన పరాయి పిల్లలే.