సేథర్ ఉపన్యాసాలు

ప్రాచీన గ్రీకు, రోమన్ చరిత్ర, సాహిత్యం, ఆలోచనలపై అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో జరిగే ఉపన్యాసమాల. నార్వే నుంచి వలస వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్యాంకరుగా స్థిరపడిన పీడర్ సేథర్ భార్య జేన్ సేథర్ (మరణం 1911) ఇచ్చిన నిధితో ఇక్కడ ఒక ఆచార్య పీఠం ఏర్పడింది. ప్రాంగణంలోని గడియార స్తంభం కూడా ఆమె సొమ్ముతో కట్టిందే. ఈ పీఠానికి బయటి పండితులను ఆహ్వానిస్తారు. వచ్చినవారు ఒక సెమిస్టర్ ఉండి పరిశోధక విద్యార్థులకు పాఠం చెబుతారు, అందరూ వినదగ్గ ఉపన్యాసాలిస్తారు. వాటిని విశ్వవిద్యాలయమే అచ్చు వేస్తుంది. హోమర్ పేరిట ఉన్న గ్రీకు కావ్యాలు ఇలియడ్, ఒడిస్సీ ఒకే కవి రచనలని వాదించిన జాన్ ఎ. స్కాట్ పుస్తకం 1921లో తొలి సంపుటంగా వచ్చింది.

ఈ మాలకు అసలైన పేరు తెచ్చింది ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ఇ.ఆర్. డాడ్స్. 1949లో ఆయన చేసిన ప్రసంగాలు 1951లో 'ద గ్రీక్స్ అండ్ ది ఇర్రేషనల్' పేరుతో వెలువడ్డాయి. గ్రీకులంటే హేతువుకు పట్టం కట్టినవాళ్లన్న నమ్మకం పండితుల్లో పాతుకుపోయి ఉన్న కాలమది. డాడ్స్ పూనకాలను, కలలను, మంత్రతంత్రాలను ముందుకు తెచ్చారు. ఇలియడ్‌లో వీరుడు అకిలీస్ దక్కించుకున్న స్త్రీని సేనానాయకుడు అగమెమ్నాన్ లాక్కుంటాడు. తర్వాత, ఆ పని తనది కాదు, దేవతల రాజు జ్యూస్ తన బుద్ధిని మరుగుపరిచాడంటాడు. అయినా పరిహారం చెల్లిస్తాడు. ఈ ఘట్టంతోనే డాడ్స్ మొదలుపెట్టి, హోమర్ నాటి సమాజాన్ని నడిపింది పరువు అనీ, పాపభీతి తరువాతి కాలంలో బలపడిందనీ వివరించారు.

ఆ చర్చ అక్కడితో ఆగలేదు. తప్పును శిక్షించే జ్యూస్ న్యాయం తరువాత వచ్చింది కాదు, ఇలియడ్‌లోనే ఉందని గ్రీకు పండితుడు హ్యూ లాయిడ్-జోన్స్ ఇదే మాలలోని తన గ్రంథంలో (1971) ఎదురు వాదించారు. 1989లో తత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ మరింత లోతుకు వెళ్లారు: బాధ్యత గురించి, సిగ్గు గురించి గ్రీకుల అవగాహన పసితనపుది కాదు, మనమూ చాలావరకు దానితోనే బతుకుతున్నామని. ఒకే పీఠం మీద నలభై ఏళ్లపాటు సాగిన ఈ సంవాదమే సేథర్ ఉపన్యాసాల గొప్పతనం.

చరిత్రకారుడు మోజెస్ ఫిన్లీ 1972లో ఇచ్చిన ప్రసంగాలకు మరో ప్రాముఖ్యం ఉంది. న్యూయార్క్‌లో పుట్టిన ఆయన, కమ్యూనిస్టు సంబంధాలపై సెనేట్ ఉపసంఘం అడిగిన ప్రశ్నకు జవాబివ్వనందుకు 1952లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకుని ఇంగ్లండ్ చేరారు. ఇరవై ఏళ్ల తర్వాత, తనను వెళ్లగొట్టిన దేశంలోనే ఈ వేదికెక్కి, ప్రాచీనుల ఆర్థిక జీవితాన్ని నేటి మార్కెట్ లెక్కలతో కొలవలేమని, అక్కడ మనిషి హోదాదే పెద్దపాత్ర అని చెప్పారు. ఆ వాదనను ఒప్పుకున్నవాళ్లకూ ఖండించినవాళ్లకూ 'ది ఏన్షియంట్ ఎకానమీ' (1973) తప్పనిసరి గ్రంథమైంది.

రోమన్ చరిత్రలో లిలీ రాస్ టేలర్, రొనాల్డ్ సైమ్ సంపుటాలు ముఖ్యమైనవి. రోమన్ల నవ్వుపై మేరీ బియర్డ్ 2008లో మాట్లాడగా 2014లో పుస్తకమైంది. ఆర్నాల్డో మొమిగ్లియానో 1961–62లో చరిత్ర రచన మూలాలపై చేసిన ఉపన్యాసాలను ఏళ్ల తరబడి సవరిస్తూ వచ్చారు. 1987లో ఆయన మరణించాక, 1990లో అవి అచ్చయ్యాయి.