మొక్కు, సూక్ష్మదర్శిని: సికింద్రాబాదులో విశ్వాసం, తర్కం

సికింద్రాబాదు చరిత్రలో అంటువ్యాధులతో ముడిపడిన ప్రసిద్ధ స్థలాలు రెండున్నాయి. ఒకటి ఉజ్జయినీ మహంకాళి ఆలయం. రెండోది బేగంపేటలో రోనాల్డ్ రాస్ పేరుతో నిలిచిన పాత భవనం. మొదటిది ఒక మొక్కు నుంచి, రెండోది ఒక పరీక్ష నుంచి ప్రసిద్ధికెక్కాయి. మత విశ్వాసానికీ తార్కిక ఆలోచనకూ ఉన్న సంబంధాన్ని విద్యార్థులు తత్త్వశాస్త్ర పాఠాల్లో చదివి ఉంటారు. చరిత్రలో ఆ ప్రశ్న నిజమైన మనుషులతో, తేదీలతో ఎదురవుతుంది.

ఆలయ సంప్రదాయం ప్రకారం, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో బదిలీపై ఉజ్జయిని వెళ్లాడు. అక్కడ కలరా సోకి జనం చనిపోతుంటే ఆయనా, తోటివారూ మహంకాళిని వేడుకున్నారు. వ్యాధి తగ్గితే తమ ఊళ్లో అమ్మవారిని ప్రతిష్ఠిస్తామని మొక్కుకున్నారు. వ్యాధి తగ్గింది. 1815లో తిరిగివచ్చి కొయ్య విగ్రహాన్ని నిలిపారు. ఏటా ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాలకు ఇదే మూలకథ. లష్కర్ అంటే సైన్యం. అంటే పండుగ పేరులోనే దండు ఉంది.

చరిత్రకారుడు మొదట తేదీని అడుగుతాడు. భారతదేశాన్ని కుదిపేసిన కలరా మహమ్మారి 1817లో బెంగాల్‌లోని జెస్సోర్‌లో బయటపడిందని వైద్య చరిత్ర చెబుతుంది. ఆ ఏడాది నవంబరులో బుందేల్‌ఖండ్‌లో ఉన్న గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సైన్యాన్ని అది తీవ్రంగా దెబ్బతీసింది. 1817 డిసెంబరు 21న ఉజ్జయినికి సమీపంలోని మహిద్‌పూర్ వద్ద హోల్కర్ సేనతో యుద్ధం జరిగింది. ఆంగ్లేయుల పక్షాన జనరల్ హిస్లాప్ నడిపిన దక్కన్ సైన్యంలో హైదరాబాదు దళాలూ ఉన్నాయి. అయితే మొక్కు 1817-18 నాటిదని తేల్చేయవచ్చా? తేల్చకూడదు. కలరా అంతకుముందూ దేశంలో అక్కడక్కడా ఉండేది. నోటిమాటగా వచ్చిన కథలో సంవత్సరం అటూఇటూ కావచ్చు. కానీ సైన్యం, దూరప్రయాణం, రోగం కలిసి నడిచాయన్న సంగతిని ఆ కథ భద్రంగా దాచింది. నా దృష్టిలో తేదీకన్నా అదే విలువైన సాక్ష్యం.

రెండో ప్రశ్న తర్కానిది. వ్యాధి తగ్గడానికి మొక్కే కారణమా? దీన్ని పరీక్షించే పనిముట్లు మనకు పడమటి నుంచే రానక్కరలేదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు తెలుగువాడే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న అన్వయం ఒక్కటే చాలదు, నిప్పు లేనిచోట పొగ ఉండదన్న వ్యతిరేకం కూడా చూడాలన్నది ఆ శాస్త్రం నేర్పే పాఠం. ఏ మొక్కూ లేనిచోట కూడా కలరా విజృంభించి, కొన్నాళ్లకు తగ్గుతుంది. కాబట్టి ఆ హేతువు నిలవదు. నైయాయికులు దీన్నే సవ్యభిచారం అంటారు. అయితే అదే న్యాయ సంప్రదాయానికి చెందిన ఉదయనుడు ఈశ్వరుడున్నాడని నిరూపించడానికి అనుమాన ప్రమాణాన్నే ఆశ్రయించాడు. తర్కం పుట్టుకతో నాస్తికం కాదు.

పైగా అప్పయ్య చేసింది అనుమానం కాదు, వాగ్దానం. వాగ్దానాన్ని నిజమా అబద్ధమా అని కాదు, నిలబెట్టుకున్నారా లేదా అని అడగాలి. ఆయనను అజ్ఞాని అనేవారు ఆనాటి కంపెనీ వైద్యులనూ ఆ మాటే అనవలసి ఉంటుంది. వాళ్లు కలరా రోగులకు నెత్తురు తీసి, పాదరసంతో చేసిన కాలొమెల్ మింగించేవారు. జాన్ స్నో లండన్‌లో నీటిని అనుమానించి చూపింది 1854లో. రాబర్ట్ కాక్ కలరా క్రిమిని గుర్తించింది 1883-84లో.

ఇక రాస్ సంగతి. 1857లో అల్మోరాలో పుట్టిన ఈ సైనిక వైద్యుడు 1895లో సికింద్రాబాదులో మలేరియా పరిశోధన మొదలుపెట్టాడు. దోమ నీటిలో చనిపోతే, ఆ నీరు తాగినవారికి మలేరియా వస్తుందని ఆయన గురువు పాట్రిక్ మాన్సన్ ఊహ. రాస్ అలాంటి నీటిని ఒకతనికి తాగించాడు. కొద్ది రోజులకు అతనికి జ్వరం వచ్చింది! మొక్కుకోగానే వ్యాధి తగ్గడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రాస్ ఆ పరీక్షను మరికొందరిపై చేశాడు. ఫలితం నిలవలేదు. (డబ్బిచ్చి పేదలకు ఇలాంటి నీరు తాగించడాన్ని నేడు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. విజ్ఞాన చరిత్రలో ఈ పుట కూడా చదవాలి.)

1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, మచ్చల రెక్కల దోమలతో కుట్టించాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ కడుపు గోడలో, మలేరియా పరాన్నజీవికి ఉండే నల్లని రంగుకణాలే ఉన్న కణాలు కనిపించాయి. అంతకుముందు కోసి చూసిన వేరే జాతుల దోమల్లో అవి లేవు. అన్నంభట్టు భాషలో చెబితే అన్వయ వ్యతిరేకాలు రెండూ దొరికాయి. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మరి ఆ రోజుల్లో రాస్ ఏం చేశాడు? దేవుణ్ణి స్తుతిస్తూ పద్యం రాశాడు. ఆ స్తుతిని తన నిరూపణలో ఒక మెట్టుగా మాత్రం ఎక్కడా వాడలేదు.

ఈ మధ్య తరచుగా వినిపించే మాట ఒకటుంది: బోనాల్లో వేపాకు, పసుపు వాడేది క్రిములను చంపడానికేనని, అదంతా పూర్వుల విజ్ఞానమేనని. వేప, పసుపులకు క్రిమినాశక గుణాలు కొన్ని ఉన్న మాట నిజమే. కానీ కలరా వచ్చేది ప్రధానంగా కలుషితమైన నీటి ద్వారా. గుమ్మానికి కట్టిన వేపమండ బావినీటిని శుభ్రం చేయదు. ఈ వాదం తర్కానికి అన్యాయం చేస్తుంది, భక్తికి అంతకన్నా ఎక్కువ అన్యాయం చేస్తుంది. బోనమెత్తుకున్న తల్లి అమ్మవారికి అన్నం తీసుకెళుతోంది. ఆమెకు ప్రయోగశాల ధ్రువపత్రం అక్కరలేదు. కలరా భయం పోయాక కూడా ఆ బోనం ఆగలేదు. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాయి.

అభ్యాసం: మీ ఊరి పోచమ్మ, మైసమ్మ లేదా ముత్యాలమ్మ గుడి ఎప్పుడు, ఏ ఆపదలో వెలసిందో పెద్దలను అడిగి రాసుకోండి. అందులో తేదీ, వ్యాధి, ప్రయాణం, మొక్కు అనే అంశాలను వేరుచేసి, జిల్లా గెజిటీర్‌లోని అంటువ్యాధుల వివరాలతో పోల్చండి. వేటికి సాక్ష్యం అడగవచ్చో, వేటికి ఆ ప్రశ్నే వర్తించదో విడివిడిగా గుర్తించండి.