ఇంటి కప్పు, గని కప్పు

మిరుగం ఇంకా వారం ఉందనగా మా అమ్మ పొరక పట్టుకుని ఇంటి మీదికెక్కేది. గోదావరిఖనిలో మా గల్లీ అంతా సిమెంటు రేకుల ఇళ్లే. ఆ వారం రోజులూ ఏ కప్పు మీద చూసినా ఆడవాళ్లే కనిపించేవారు. కొంగు ముక్కుకు చుట్టుకుని, చీర ఎగ్గట్టి, ఏడాది పొడవునా రేకుల పల్లాల్లో పేరుకున్న దుమ్మును తట్టలకెత్తి కిందికి దించేవారు. అది తీయకపోతే మొదటి వానకే బురదై నీళ్లు పోయే దారిని మూసేస్తుంది. రేకు మీద రేకు ఎక్కిన చోట నుంచి నల్లటి నీళ్లు బియ్యం బస్తా మీద, మా పుస్తకాల మీద, పక్కబట్టల మీద కారతాయి. అందుకే వానకు ముందు కప్పు దులపడం మాకు ఎండాకాలపు ఆఖరి పని.

మా బాపు గనిలో సపోర్ట్‌మన్. ఆయన పని కూడా కప్పుతోనే. బొగ్గు తీసిన తరువాత తల మీద మిగిలే రాతిపొరను గనిలో 'రూఫ్' అంటారు. దాన్ని కర్రతో తట్టి చూస్తారు. గణగణమంటే గట్టిది, డొల్లగా మోగితే ఊడబోతోందని అర్థం. వదులైన పెళ్లలను ముందుగానే దించేస్తారు. గుంజలు నిలబెడతారు, బోల్టులు బిగిస్తారు. ఈ పనికి పేరుంది, జీతముంది, చట్టముంది. షిఫ్టులో మనుషులు దిగే ముందు సర్దార్ ఆ చోటు చూసి, రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. కప్పు కూలి మనిషి చనిపోతే విచారణ జరుగుతుంది. ఇవన్నీ ఊరికే రాలేదు, ఎందరో ప్రాణాలు పోయాక వచ్చాయి. వచ్చాక కూడా చావులు ఆగలేదు. 2003 అక్టోబరులో గోదావరిఖని 8ఎ గనిలో కప్పు కూలి పదిమంది చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు పోయారు, వారిలో ఒకరు భద్రతాధికారి. నియమాలుంటే ప్రాణాలు నిలుస్తాయని నేననడం లేదు. ఆ చావులకు తేదీ ఉంది, కారణం రాసి ఉంది, నిలదీయడానికి ఆధారముంది అంటున్నాను.

ఇంటి కప్పుకూ నియమాలున్నాయి. కాకపోతే అవి ఏ పుస్తకంలోనూ లేవు. సిమెంటు రేకు చూడటానికి రాయిలా ఉంటుంది గానీ ఎండకూ వానకూ పాతబడ్డ కొద్దీ పెళుసవుతుంది. విరిగే ముందు వంగదు, హెచ్చరించదు. "మొల కాడ కాలు వెట్టు బిడ్డా, నడుమ వెట్టకు" అనేది అమ్మ. బోల్టు ఉన్న చోట కింద వాసముంటుంది, అదే బరువు మోస్తుంది. రెండు వాసాల మీద ఆనేలా పలక పరిచి, దాని మీద కూర్చుని ఊడ్వాలి. నిచ్చెన కిందొకరు ఉండాలి. పొద్దెక్కక ముందే దిగాలి. తడి రేకు మీద అడుగు పెట్టొద్దు. దుమ్ము మీద కాసిని నీళ్లు చిలకరిస్తే లేవదు, ఎక్కువ పోస్తే జారుతుంది. చేయి అందినంత మేర నిచ్చెన మీద నుంచే పొడుగు కర్రకు కట్టిన పొరకతో లాగాలి. ఇదంతా అమ్మకు ఎవరు చెప్పారు? పక్కింటి వదినె. ఆమెకు? వాళ్ల అత్త. బాపు గనిలో నేర్చుకున్నదాన్ని శిక్షణ అన్నారు. అమ్మ నేర్చుకున్నదానికి పేరు లేదు.

1998 ఎండాకాలంలో అమ్మ పడింది. నేనప్పుడు ఐదో తరగతి పూర్తి చేశాను. నిచ్చెన పట్టుకోవలసినదాన్ని నేనే, నీళ్లొచ్చాయని బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. రేకు విరిగిన చప్పుడు అక్కడికి వినిపించింది. తిరిగొచ్చేసరికి అమ్మ వంటింట్లో పొయ్యి పక్కన పడి ఉంది, నెత్తి మీద చతురస్రంగా ఆకాశం. తుంటి ఎముక విరిగింది. మేం వెళ్లిన ఆసుపత్రిలో చీటీ మీద 'ఇంట్లో జారిపడింది' అని రాశారు. అది అబద్ధం కాదు. కానీ అందులో కప్పు లేదు, దుమ్ము లేదు, పని అసలే లేదు. ఆ చీటీని నేను చాలా ఏళ్ల తరువాత, పరిశోధన చేస్తున్న రోజుల్లో, ట్రంకుపెట్టెలో చూశాను. చరిత్రకు ఆధారాలు ఎలా దొరకకుండా పోతాయో నాకు ఏ సెమినార్‌లోనూ అంత బాగా అర్థం కాలేదు.

ఆ దుమ్ముకూ చరిత్ర ఉంది. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తీయడం మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. రామగుండం ప్రాంతం బొగ్గు ఊరుగా మారింది దాని తరువాత చాలాకాలానికి. 1971లో ఇక్కడ 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం వచ్చింది. 1975లో సింగరేణి ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలుపెట్టింది. అంటే భూమి లోపలి దుమ్ము ఆరుబయటికి వచ్చింది. 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ నడిచింది, తరువాత అది 2,600 మెగావాట్ల కేంద్రమయింది. వీటికి తోడు బొగ్గు లారీలు, రైల్వే సైడింగులు, ఇంటింటి బొగ్గు పొయ్యిలు. మా రేకు మీద పడిన దోసెడు దుమ్ములో ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పలేం, మా పొయ్యి పొగ కూడా అందులో ఉంది. ఎవరిదని తేలని దుమ్ము ఊడ్చేవాళ్లదవుతుంది. అలా అది ఆడవాళ్లదయింది.

భూమి కిందికి ఆడవాళ్లు దిగడానికి మాత్రం అడ్డం ఉండేది. బ్రిటిష్ ఇండియా గనుల్లో తట్టలు మోసిన ఆడవాళ్లను 1929 నియమాలతో మొదలుపెట్టి 1937 నాటికి భూగర్భం నుంచి బయటికి పంపారు. యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చి 1943లో మళ్లీ దింపారు, 1946లో మళ్లీ వెళ్లమన్నారు. స్వతంత్ర భారతంలో 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ నిషేధాన్ని కొనసాగించింది. 2019లో గానీ సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాల్లో పగటిపూట దిగడానికి దారి తెరవలేదు. నిషేధానికి చెప్పిన కారణం రక్షణ. గని కప్పు కింద ఆడది నిలబడటం ప్రమాదమన్న చట్టానికి, ఇంటి కప్పు మీద ఆడది నిలబడటం కనిపించలేదు. గని దుమ్ముతో మగవాడి ఊపిరితిత్తులు పాడైతే అది వృత్తివ్యాధుల జాబితాలో ఉంది. పాత రేకును గీకినప్పుడు లేచే ఆస్‌బెస్టాస్ నారను, బూడిదను పీల్చిన ఆడదానికి వచ్చేది మాత్రం 'ఆయాసం'.

ఇంటి పని కాబట్టి లెక్కపెట్టలేం అనేవారికి జపాన్‌ను చూపించాలనిపిస్తుంది. అక్కడ చలికాలంలో ఇళ్ల మీద పేరుకున్న మంచును మనుషులు ఎక్కి దించుతారు. ఎవరింటి మీది మంచు వారిదే, జీతమూ లేదు. అయినా 1962లోనే భారీగా మంచు కురిసే ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టం చేశారు. మంచు వల్ల పోయిన ప్రాణాలను ప్రభుత్వం ఏటా లెక్కిస్తుంది. 2005-06 చలికాలంలో 152 మంది చనిపోయారని, వారిలో ఎక్కువమంది మంచు తీస్తూ పోయినవారేనని, ముసలివారే ఎక్కువని మనకు తెలుస్తోందంటే ఆ లెక్క వల్లనే. అందుకే అక్కడ ఒంటరిగా ఎక్కవద్దు, నడుముకు తాడు కట్టుకోండి అని ప్రభుత్వమే చెప్పక తప్పలేదు. అక్కడ ఇంటి కప్పు ఎక్కడం ప్రజల సమస్య అయింది, ఇక్కడ అమ్మ అజాగ్రత్తగానే మిగిలింది.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలోని స్త్రీలను కాగితాల్లో వెతకలేదు, వెళ్లి అడిగారు. నేనూ అదే దారిన మా గల్లీకి వెళ్లాను. "కప్పు మీద పని గురించి చెప్పండి" అంటే అందరూ నవ్వారు. "అదేం పనే?" అన్నారు. "ఎన్నడన్నా పడ్డారా?" అని అడిగినప్పుడు నవ్వు ఆగింది. ఒకామె మోచేయి చూపించింది. ఇంకొకామె తన తోటికోడలి సంగతి చెప్పి మధ్యలో ఆపేసింది.

ఇప్పుడు సింగరేణిలో 1990 నాటి లక్షమందికి పైగా ఉద్యోగులు లేరు, నలభై వేల మంది చుట్టూ మిగిలారు. ఉద్యోగం స్థిరంగా ఉన్నవారు స్లాబు వేసుకున్నారు. రేకుల ఇళ్లలో ఎక్కువగా కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలు అద్దెకుంటున్నాయి. మిరుగం ముందు ఆ రేకుల మీద ఇప్పటికీ ఆడవాళ్లు కనిపిస్తారు.

అమ్మ కొంచెం కుంటుతూ నడుస్తుంది. మొన్న ఈ వ్యాసం చదివి వినిపిస్తే అంతా విని, "నువ్వు నీళ్లకు పోయినవని రాసినవు, అది తీసెయ్యి, నిన్ను నేనే పొమ్మన్న" అంది. తీయలేదు. ఆమె చెప్పింది కూడా చేర్చాను. ఆమె పడిన సంగతి ఒక కాగితం మీద సరిగ్గా నమోదు కావడం ఇదే మొదటిసారి.