మాయా నగరాల కోటగోడలు

మాయా అన్న పేరు వినగానే మయసభ కట్టిన మయుడి దాకా వెళ్ళిపోయేవాళ్ళు మనలో ఉన్నారు. పేర్లు కలవడం తప్ప ఆ ముడికి ఆధారమేమీ లేదు. అయితే ప్రాచీన నాగరికతల్లో తమకి కావలసింది చూసుకోవడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో మాయా అధ్యయనాలకి పెద్దదిక్కులైన సిల్వేనస్ మోర్లీ, ఎరిక్ థాంప్సన్ కూడా దానికి అతీతులు కారు. వాళ్ళు చెప్పిన ప్రకారం క్లాసిక్ యుగపు (సుమారు క్రీ.శ. 250–900) మాయన్లు నక్షత్రాలని చూస్తూ, కాలాన్ని కొలుస్తూ, పూజారుల నీడలో ప్రశాంతంగా బతికారు. శాసనాల్లో ఉన్నవి తిథులూ దేవతలే, రాజులూ యుద్ధాలూ కావు.

చిత్రమేమిటంటే, అప్పటికే ఒక కోట కళ్ళెదురుగా ఉంది. మెక్సికోలోని కాంపెచేలో ఒక శిథిల నగరాన్ని 1934లో కార్ల్ రప్పర్ట్, జాన్ డెనిసన్ గుర్తించారు. చుట్టూ ఉన్న కందకాన్ని బట్టే దానికి బెకాన్ అని పేరు పెట్టారు. కందకం చుట్టుకొలత దాదాపు 1.9 కిలోమీటర్లు. 1970లో డేవిడ్ వెబ్‌స్టర్ తవ్వి చూస్తే సగటున 16 మీటర్ల వెడల్పు, 5 మీటర్లకి పైగా లోతు తేలాయి. తవ్విన మట్టినీ రాళ్ళనీ లోపలి గట్టు మీద పోసి కట్ట కట్టారు. కందకంలోకి దిగిన శత్రువు సుమారు 11 మీటర్లు ఎక్కితే గానీ లోపలికి రాలేడు. ఇదంతా క్లాసిక్ యుగానికి ముందే జరిగిన పని. అంటే యుద్ధం ఈ నాగరికతకి ముసలితనంలో పట్టిన జబ్బు కాదు, రాజ్యాలు ఏర్పడుతున్నప్పుడే ఉంది.

1946లో బొనాంపాక్ కుడ్యచిత్రాలు బయటి ప్రపంచానికి తెలిశాయి. ఒక గది నిండా పోరాటం, గోళ్ళ నుంచి నెత్తురు కారుతున్న బందీలు. థాంప్సన్ దాన్ని బలి కోసం మనుషుల్ని పట్టుకొచ్చే చిన్న దాడిగా సరిపెట్టాడు. ఆ భవనాన్ని కదిలించింది వాస్తుశిల్పం చదువుకుని ఈ రంగంలోకి వచ్చిన తత్యానా ప్రోస్కూరియకోఫ్. పియెద్రాస్ నెగ్రాస్ శిలల మీది తేదీలని వరుసలుగా విడదీస్తే ఒక్కో వరుస ఒక మనిషి జీవితకాలాన్ని దాటడం లేదని 1960లో ఆమె చూపించింది. అవి రాజుల పుట్టుకలూ పట్టాభిషేకాలూ. ఆ లిపిని పూర్తిగా చదవకుండానే, తేదీల మధ్య దూరాల్ని బట్టి చరిత్రని పట్టుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

అన్నిటికన్నా నన్ను వెంటాడేది గ్వాటెమాలాలోని దోస్ పిలాస్. ఆర్థర్ డెమరెస్ట్ బృందం అక్కడ 1989 నుంచి తవ్వకాలు జరిపింది. క్రీ.శ. 761లో ఈ రాజ్యం ఓడిపోయింది. ఆ సంక్షోభ కాలంలో జనం నగరం నడిబొడ్డున హడావిడిగా గోడలు లేపి, వాటి మీద కర్రల దడి కట్టారు. రాళ్ళు గుళ్ళ నుంచీ రాజభవనం నుంచీ పీక్కొచ్చినవే. ఒక గోడ రాజుల విజయాలు చెక్కిన మెట్ల మీదుగానే పోతుంది. ఒకప్పుడు ఉత్సవాలు జరిగిన చోట గుడిసెలు వేసుకున్నారు. దగ్గర్లోని అగ్వాతేకాకి లోతైన అగాధం సహజ రక్షణ. దానికి తోడు గోడలు కూడా కట్టారు. అయినా క్రీ.శ. 810 ప్రాంతంలో అది తగలబడిపోయింది. తకేషి ఇనోమాతా తవ్విన ఇళ్ళలో కుండలు, తిరగళ్ళు, లేఖకుల పనిముట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈమధ్య లైడార్ వచ్చింది. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి, లెక్కల్లో చెట్లని తీసేసి నేలని చూపిస్తుంది. 2016లో ఉత్తర గ్వాటెమాలాలో 2,100 చదరపు కిలోమీటర్లకి పైగా కొలిస్తే 61,480 నిర్మాణాలు లెక్కకొచ్చాయి. తికాల్‌కీ ఎల్ జోత్స్‌కీ మధ్య, గుట్టల మీద కందకాలూ గోడలూ ఉన్న లా కుయెర్నావియా బయటపడింది. డేటాతో పనిచేసేవాడిగా ఒక జాగ్రత్త చెప్పాలనిపిస్తుంది: లైడార్ ఆకారాన్ని చూపిస్తుంది, ఉద్దేశాన్ని కాదు. 1966లో కనిపెట్టిన తికాల్ కందకాన్ని చాలాకాలం కోట అనే అనుకున్నారు. తర్వాతి సర్వేల్లో అది చాలాచోట్ల తెగి ఉందని తేలి, రక్షణకేనా అన్న అనుమానం మొదలైంది.

అందుకే విత్స్‌నా ఉదాహరణ నాకు బలంగా తోస్తుంది. బహ్లామ్ హోల్ అనే నగరాన్ని క్రీ.శ. 697 మే 21న తగలబెట్టామని నారాంహో రాజుల శాసనం చెప్తుంది. విత్స్‌నాయే ఆ నగరమని అక్కడ దొరికిన మరో శాసనం వల్ల తెలిసింది. పక్కనే ఉన్న చెరువు అడుగున, సరిగ్గా ఆ కాలపు పొరలో, 3 సెంటీమీటర్ల మందాన బొగ్గు కనిపించింది. ఆ పైపొరల్లో మనుషుల అలికిడి బాగా తగ్గింది. ఈ పరిశోధన 2019లో వచ్చింది. గెలిచినవాడి గొప్పలు ఒక సాక్ష్యమైతే, ఎవరి తరఫునా మాట్లాడని బురద ఇంకో సాక్ష్యం.

మరి శాంతికాముకుల్ని తీసేసి ఆ స్థానంలో రక్తపిపాసుల్ని కూర్చోబెట్టాలా? 2006 నాటి ‘అపోకలిప్టో’ సినిమా చేసింది దాదాపు అదే. మాయన్లు అంతరించిపోలేదు, లక్షల సంఖ్యలో ఇవాళా ఉన్నారు. గ్వాటెమాలా అంతర్యుద్ధంలో, గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయన్లేనని 1999లో అక్కడి సత్యశోధన సంఘం నివేదిక తేల్చింది. పూర్వీకులకి మనం తగిలించే బిళ్ళ బతికున్నవాళ్ళ మెడలో పడుతుంది. సాధువులన్నా, క్రూరులన్నా, వాళ్ళకి మనందరికీ ఉన్నట్టే రాజకీయాలుండేవని ఒప్పుకోకపోవడమే. పన్నులు, పొత్తులు, పగలు, భయం వాళ్ళకీ ఉన్నాయి. దేవుడి గుడి రాళ్ళు ఊడబీకి పిల్లల చుట్టూ గోడ కట్టుకున్న దోస్ పిలాస్ జనాన్ని అర్థం చేసుకోవడానికి ఆ రెండు బిళ్ళల్లో ఏదీ అక్కరకి రాదు.