చందమామ సీరియల్‌ని టీవీకెక్కిస్తే

గేమ్ ఆఫ్ థ్రోన్స్ (2011-2019) పుణ్యమా అని ఆఫీసుల్లో టీ తాగే చోట తరచూ వినపడే మాట ఒకటుంది: "సిరీస్ తీయడానికి మనకి అలాంటి ఫాంటసీ నవలలెక్కడున్నాయండీ?" ఉన్నాయి మహాప్రభో! అటక మీంచి చందమామ బైండ్లు దింపండి.

1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 1978లో 'భల్లూక మాంత్రికుడు' ముగిసేదాకా పన్నెండు సీరియల్స్ రాసింది ఒక్కరే, దాసరి సుబ్రహ్మణ్యం. గుంటూరు జిల్లా మనిషి. 1952 నుంచి 2006 దాకా మద్రాసులో చందమామ ఉద్యోగి. 2010 జనవరిలో బెజవాడలో పోయారు. పత్రికలో సీరియల్‌కి ఆయన పేరు వేసేవారు కాదు. సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు, ఖడ్గవర్మ, జీవదత్తుడు... వీళ్లంతా మనకి చుట్టాలే. పుట్టించినాయన ఎవరో మాత్రం చాలామందికి తెలీదు.

ఈ కథల్ని ఎపిసోడ్లుగా కొయ్యక్కర్లేదు, కోసే ఉన్నాయి. మొదట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో, చివర్లో హీరో ఏ మాంత్రికుడి గుహలోనో, ఏ కొండ అంచునో. మళ్లీ నెల దాకా ఊపిరి బిగబట్టుకోవాల్సిందే. ఇప్పుడు ఓటీటీ వాళ్లు లక్షలు పోసి రైటర్స్ రూముల్లో చేయిస్తున్న పని, ఆయన ఓ బల్ల ముందు కూర్చుని నెలనెలా చేశారన్నమాట. పైగా బొమ్మలు 'చిత్రా' గారివి. కోటలు, కత్తులు, వేషాలు, ఆర్ట్ డైరెక్టర్‌కి కావలసిన స్పెసిఫికేషన్ అంతా అందులోనే ఉంది.

ఇక్కడో తమాషా. చందమామ (1947), విజయా సంస్థ రెండూ నాగిరెడ్డి, చక్రపాణిలవే. మాంత్రికుడి కథతో 'పాతాళభైరవి' (1951) తీసిన ఆ తెనాలి చక్రపాణి గారికే పత్రికలో మాంత్రికుల సీరియల్స్ అంతగా నచ్చేవి కావట. మధ్యలో ఆపించి బంకించంద్రుడి 'దుర్గేశనందిని'తో పాటు 'నవాబు నందిని' కూడా వేయించారు. సర్క్యులేషన్ పడింది. దాసరి గారి రాక్షసులు మళ్లీ వచ్చేశారు! యూజర్లు ఓటేశాక మేనేజ్‌మెంట్ ఏం చేస్తుంది?

ఆ పాతాళభైరవే మనకి మంచి ఉదాహరణ. మధిర సుబ్బన్న దీక్షితులు గారి పన్నెండు భాగాల కాశీమజిలీ కథల్లోంచి దినుసు తీసుకుని, అల్లావుద్దీన్ దీపం కథ కాస్త కలిపి, పింగళి నాగేంద్రరావు మొత్తం తిరగరాశారు. నిమ్మకూరు రామారావు, నూజివీడులో పుట్టిన రంగారావు, చౌటపల్లి ఘంటసాల. కృష్ణా జిల్లా సగం మద్రాసులోనే ఉన్నట్టుంది. మూలానికి కట్టుబడలేదే అని ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే తోటరాముడు మన పక్కింటి కుర్రాడిలాగే ఉన్నాడు.

మార్చడం తప్పు కాదు. ఏది మార్చారన్నదే అసలు గొడవ. ఉర్సులా లగ్విన్ 'ఎర్త్‌సీ' నవలల్ని 2004లో అమెరికాలో సైఫై ఛానెల్ రెండు భాగాల మినీ సిరీస్‌గా తీసింది. ఆవిడ కావాలనే చామనఛాయ, నల్లని మనుషులతో నింపిన లోకమది. టీవీ వాళ్లు హీరోని తెల్లవాడిని చేసేశారు. ఆవిడ ఊరుకోలేదు, పత్రికకెక్కి దులిపేసింది. కథలో మలుపులు మార్చినా బతికేదేమో, వేరే తీసేశారు.

దాసరి గారి కథలకి వేరు ఏమిటంటే, నా దృష్టిలో స్నేహం. ఖడ్గవర్మకి కండబలం, జీవదత్తుడికి బుద్ధిబలం. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుని అడవులు దాటుతారు. మన నిర్మాతలకి ఇస్తే మొదటి మీటింగులోనే "హీరోయిన్ ఏదీ?" అంటారు. రెండో మీటింగులో జీవదత్తుడు కమెడియన్ అయిపోతాడు. గ్రాఫిక్స్ బాగోకపోయినా క్షమించొచ్చు గానీ, ఇది మాత్రం వద్దు బాబూ.

తీసేవాళ్లు ఎవరైనా ఉంటే 'యక్షపర్వతం'తో మొదలుపెట్టండి. టైటిల్స్‌లో దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ముందే వేయండి, ఆఖర్న చీమల అక్షరాల్లో కాదు.