తేలికైంది సరే, ఊడదీసేదెలా?

మొన్న శనివారం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగా, బ్యాగులో 2014లో కొన్న నా సన్నపాటి లాప్‌టాప్‌తో. కొత్తది కొనాలా, దీన్నే బాగుచేయించాలా అన్నది సమస్య. రిపేరు కుర్రాడు కింది మూత విప్పి, "ర్యామ్ పెంచలేం సార్, బోర్డు మీదే సోల్డర్ చేసేశారు" అన్నాడు.

ఈ జాడ్యం వెనక కథ వెతికితే 2008 జనవరి గుర్తొచ్చింది. స్టీవ్ జాబ్స్ కాగితం కవర్లోంచి మాక్‌బుక్ ఎయిర్ తీసిన రోజు. 1.36 కిలోలేనా అని నోరెళ్ళబెట్టాం. లోపలి 2 జీబీ ర్యామ్ బోర్డుకే అంటుకుపోయిందని ఎంతమందిమి పట్టించుకున్నాం? 2011లో ఇంటెల్ 'అల్ట్రాబుక్' అంటూ మిగతా కంపెనీలనీ సన్నదనం పోటీలోకి దింపింది. ఆ ఏడాదే వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్220లో ర్యామ్‌కి రెండు స్లాట్లు, చేత్తో ఊడొచ్చే బ్యాటరీ ఉండేవి. మరుసటేడు వచ్చిన ఎక్స్1 కార్బన్‌లో ఆ రెండూ పోయాయి!

పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగింది. విండోస్ 11కి నా ప్రాసెసర్ పనికిరాదు.

అంటే మార్చాలా, ఉంచాలా అన్న నిర్ణయం సగం కొన్నరోజే అయిపోయిందన్నమాట. మిగిలిన సగం నాది కాబట్టి ఎస్సెస్డీ, బ్యాటరీ మార్పించి లినక్స్ వేసుకున్నా. రాసుకోడానికి, చదువుకోడానికి భేషుగ్గా ఉంది. ఈసారి కొనేటప్పుడు మాత్రం బరువెంతని కాదు, ర్యామ్ స్లాటుందా అని ముందు అడుగుతా. మీరూ అడగండి.